రేడియేటర్ ఫ్యాన్‌కు విడి స్విచ్: ఆన్ చేసే అధికారం వేరు, ఆపే అధికారం వేరు

ఏప్రిల్ వచ్చిందంటే ఆటో ఎలక్ట్రీషియన్ల దగ్గర ఒక రకం పని పెరుగుతుంది. ట్రాఫిక్‌లో కారు హీట్ అవుతోందని యజమాని వస్తాడు. బోనెట్ ఎత్తి చూస్తే రేడియేటర్ ఫ్యాన్ సమయానికి తిరగడం లేదని తేలుతుంది. అప్పుడు రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి, ఫ్యాన్‌ను 'డైరెక్ట్' చేసేద్దాం అని. రెండోది, డాష్‌బోర్డు కింద ఒక స్విచ్ పెట్టుకుంటే మీ ఇష్టం వచ్చినప్పుడు వేసుకోవచ్చని.

ఈ రెండో మాట మీద వాదన ఏళ్ల తరబడి సాగుతూనే ఉంది. స్విచ్ పెట్టించుకుని నిశ్చింతగా తిరుగుతున్నామనేవారు ఉన్నారు. దాన్ని నమ్ముకుని హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజిన్ పై మూత అయిన హెడ్‌కూ కింది బ్లాకుకూ మధ్య ఉండే సీలు, పోగొట్టుకున్నవారూ ఉన్నారు. ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు. ఎందుకంటే 'ఫ్యాన్ స్విచ్' అన్న ఒక్క పేరు కింద ఒకదానికొకటి పోలిక లేని సర్క్యూట్లు చలామణి అవుతున్నాయి. ఏ తీగను ఎక్కడ కలిపారో తెలియకుండా స్విచ్ మంచిదా చెడ్డదా అని అడిగితే జవాబు దొరకదు.

ఫ్యాన్ అవసరం ఎప్పుడు, ఎంత

పెట్రోలు ఇంజిన్ తాను కాల్చిన ఇంధనంలో సుమారు మూడో వంతు శక్తిని మాత్రమే పనిగా మారుస్తుంది. మరో మూడో వంతు పొగ గొట్టం నుంచి వేడిగా పోతుంది. మిగిలిన మూడో వంతును ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, మోసుకుపోవాలి. వాటర్ పంపు కూలెంట్‌ను ఇంజిన్ చుట్టూ తిప్పుతుంది. థర్మోస్టాట్ వాల్వ్ సుమారు 82 నుంచి 90 డిగ్రీల మధ్య తెరుచుకుని దాన్ని రేడియేటర్‌లోకి వదులుతుంది. రేడియేటర్ రెక్కల మధ్య నుంచి పోయే గాలి ఆ వేడిని తీసుకుంటుంది.

ఆ గాలి ఎక్కడి నుంచి వస్తుందన్నదే ఇక్కడ ముఖ్యం. కారు గంటకు 50, 60 కిలోమీటర్ల వేగం దాటితే ఎదురుగాలే సరిపోతుంది. హైవే మీద ఫ్యాన్ పాడైన కారు వంద కిలోమీటర్లు ఏ గొడవా లేకుండా నడిచి, టోల్ ప్లాజా వరుసలో నిలబడగానే ఆవిరి కక్కడానికి కారణం ఇదే. ఫ్యాన్ అసలు పని నిలబడిన బండికి, నెమ్మదిగా ఎక్కుతున్న బండికి గాలి ఇవ్వడం.

ఒక లెక్క చూద్దాం. ఏసీ వేసుకుని సిగ్నల్ దగ్గర నిలబడిన చిన్న కారు గంటకు సుమారు లీటరు పెట్రోలు తాగుతుందనుకుందాం. లీటరు పెట్రోలులో దాదాపు 9 కిలోవాట్ అవర్ల శక్తి ఉంటుంది. అందులో మూడో వంతు అంటే 3 కిలోవాట్ల వేడి. స్నానాల గదిలోని ఇన్‌స్టంట్ గీజర్ ఆగకుండా పనిచేస్తే వచ్చేంత వేడి అది. బయట 44 డిగ్రీలు, రేడియేటర్ ముందుండి ఏసీ గ్యాసును చల్లబరిచే కండెన్సర్ వదిలే వేడి, ఎదురుగాలి సున్నా. ఇలాంటప్పుడు ఫ్యాన్ తిరగకపోతే కొద్ది నిమిషాల్లోనే డాష్‌బోర్డు మీది ఉష్ణోగ్రత ముల్లు పైకి పోతుంది.

తిరగమని ఫ్యాన్‌కు చెప్పేది ఎవరు

అంబాసిడర్ లాంటి పాత కార్లలో ఈ ప్రశ్నే లేదు. ఇంజిన్ నిలువుగా, అంటే కారు పొడవునా ఉండేది. దాని ముందు కొసకే బెల్టుతో ఫ్యాన్ కట్టేవారు. ఇంజిన్ తిరిగినంత సేపూ ఫ్యాన్ తిరిగేది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక మన రోడ్ల మీద అడ్డంగా కూర్చోబెట్టిన ఇంజిన్లు మామూలయ్యాయి. ఇంజిన్ కొస పక్క చక్రం వైపు, రేడియేటర్ ముందు వైపు ఉంటే బెల్టుతో ఫ్యాన్ తిప్పడం కుదరదు. అందుకే విద్యుత్ మోటారు వచ్చింది. మోటారు వచ్చాక దాన్ని ఎప్పుడు వేయాలి, ఎప్పుడు ఆపాలి అన్న నిర్ణయం కూడా ఎవరో ఒకరు తీసుకోవాల్సి వచ్చింది.

తొలి తరం కార్లలో ఆ నిర్ణయం థర్మో స్విచ్‌ది. రేడియేటర్ అడుగున గానీ, మెకానిక్కులు వాటర్ బాడీ అని పిలిచే భాగంలో గానీ బిగించిన చిన్న ఇత్తడి ముక్క అది. కూలెంట్ వేడి నిర్ణీత స్థాయికి, ఉదాహరణకు 95 డిగ్రీలకు, చేరగానే లోపలి కాంటాక్టులు కలుస్తాయి. ఐదారు డిగ్రీలు చల్లారాక విడిపోతాయి. ఈ తేడా కావాలనే ఉంచుతారు. లేకపోతే 95 దగ్గర ఫ్యాన్ క్షణానికోసారి ఆగుతూ తిరుగుతూ రిలేను కాల్చేస్తుంది.

తర్వాతి తరంలో ఆ పని ఇంజిన్ కంప్యూటర్‌కు, అంటే ఈసీఎంకు వెళ్లింది. కూలెంట్ సెన్సర్ తన రెసిస్టెన్స్ ద్వారా వేడి ఎంతో చెబుతుంది. ఈసీఎం ఏసీ గ్యాసు ఒత్తిడిని, కారు వేగాన్ని కూడా చూసి ఫ్యాన్ రిలేను ఆన్ చేస్తుంది. ఇంకా కొత్త కార్లలో రిలే కూడా ఉండదు. ఆ సంగతి తర్వాత.

రిలే అంటే ఏమిటో ఒక్క ముక్కలో: చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే విద్యుదయస్కాంత స్విచ్. దాని కాళ్ల మీద 30, 85, 86, 87 అని అంకెలు ఉంటాయి. 85, 86 లోపలి కాయిల్‌వి. 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా సప్లై వస్తుంది. కాయిల్‌కు కరెంటు అందగానే 30, 87 కలిసి ఫ్యాన్ తిరుగుతుంది.

ఒకే పేరుతో తిరిగే మూడు సర్క్యూట్లు

మొదటిది డైరెక్ట్. థర్మో స్విచ్‌ను పక్కన పెట్టి, ఇగ్నిషన్ కీ తిప్పగానే ఫ్యాన్ తిరిగేలా కలిపేస్తారు. డ్రైవర్ నిర్ణయించేది ఏమీ లేదు, యంత్రం నిర్ణయించేదీ లేదు.

రెండోది సమాంతరంగా కలిపిన స్విచ్. థర్మో స్విచ్ ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. దాని రెండు తీగల నుంచి మరో రెండు తీగలు లాగి డాష్‌బోర్డులోని స్విచ్‌కు ఇస్తారు. ఈ రెండిటిలో ఏది కలిసినా ఫ్యాన్ తిరుగుతుంది. డ్రైవర్ స్విచ్ వేయడం మరిచిపోతే పాత ఏర్పాటు తన పని తాను చేస్తుంది. థర్మో స్విచ్ చచ్చిపోతే డ్రైవర్ చెయ్యి ఉంది.

మూడోది వరుసలో పెట్టిన స్విచ్. ఫ్యాన్‌కు పోయే తీగను మధ్యలో కోసి ఆ రెండు కొసల మధ్య స్విచ్ పెడతారు. థర్మో స్విచ్ కలవాలి, డ్రైవర్ స్విచ్ కూడా కలిసి ఉండాలి. రెండిటిలో ఏది తెగినా ఫ్యాన్ ఆగుతుంది.

కాగితం మీద చూస్తే రెండో దానికీ మూడో దానికీ తేడా రెండు తీగల అమరిక మాత్రమే. ఫలితంలో తేడా ఇంజిన్ ధర అంత. కూలెంట్ 105 డిగ్రీలకు చేరిందని, కారు మరొకరి చేతిలో ఉందని, ఆ డ్రైవర్‌కు డాష్‌బోర్డు కింద స్విచ్ ఉందన్న సంగతే తెలియదని అనుకుందాం. డైరెక్ట్ చేసిన కారులో ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. సమాంతర స్విచ్ ఉన్న కారులో థర్మో స్విచ్ ఎప్పుడో వేసింది. వరుస స్విచ్ ఉన్న కారులో ఫ్యాన్ కదలదు, ముల్లు ఎర్ర గీత దాటుతుంది, ఆ తర్వాత హెడ్ వంగడం, ఆయిల్‌లో నీళ్లు కలవడం.

అందుకే స్విచ్ గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న అది ఆన్ చేసే అధికారం ఇస్తోందా, ఆపే అధికారం ఇస్తోందా అన్నది. ఆన్ చేయడంలో పొరపాటు జరిగితే కొంత కరెంటు వృథా. ఆపడంలో పొరపాటు జరిగితే ఇంజిన్ విప్పాలి. ఈ రెండు తప్పుల బరువు సమానం కాదు. నన్ను అడిగితే, డైరెక్ట్ చేసిన ఫ్యాన్‌ను చూసి ముఖం చిట్లిస్తాను గానీ, వరుసలో పెట్టిన స్విచ్‌ను చూస్తే దాన్ని తీయించేదాకా ఊరుకోను.

మూడు స్థానాల స్విచ్ కూడా దొరుకుతుంది: ఒక కొసన ఆటో, మధ్యలో ఆఫ్, మరో కొసన ఆన్. చూడటానికి దర్జాగా ఉంటుంది. అయితే ఆ మధ్య స్థానం వరుస స్విచ్‌కు ఇంకో వేషం. మోకాలు తగిలి ఒక మెట్టు జరిగితే చాలు, యంత్రం నోరు మూసుకుపోతుంది.

స్విచ్ గుండా ఎంత కరెంటు పోతోంది

రెండో రకం సర్క్యూట్‌ను ఎంచుకున్నా ఇంకో తప్పుకు చోటుంది. ఫ్యాన్ కరెంటు మొత్తాన్ని డాష్‌బోర్డు దాకా తెచ్చి, స్విచ్ గుండా పంపి, మళ్లీ ముందుకు తీసుకుపోవడం అది.

చిన్న కారు ఫ్యాన్ సుమారు 12 ఆంపియర్లు తీసుకుంటుందనుకుందాం. పెద్ద కార్లలో ఇది 25, 30 దాకా పోతుంది. వాడిన తీగ ఒక చదరపు మిల్లీమీటరుది, రాకపోకలు కలిపి పొడవు 5 మీటర్లు. ఈ మందం రాగి తీగకు మీటరుకు 0.0175 ఓమ్‌ల నిరోధం. ఐదు మీటర్లకు 0.0875 ఓమ్‌లు. దాన్ని 12తో గుణిస్తే 1.05 వోల్టులు తీగలోనే పోతాయి. ఆ వోల్టుకు తగ్గట్టు ఫ్యాన్ వేగం, గాలి తగ్గుతాయి. పోయిన శక్తి, అంటే సుమారు 12.6 వాట్లు, తీగను వేడి చేస్తుంది. అదే తీగ మీద 20 ఆంపియర్ల ఫ్యాన్ నడిపితే నష్టం 1.75 వోల్టులు, వేడి 35 వాట్లు. వేడి కరెంటు వర్గం లెక్కన పెరుగుతుంది కాబట్టి కరెంటు రెట్టింపు కాకముందే వేడి దాదాపు మూడింతలైంది. ఇక మోటారు మొదలయ్యే క్షణంలో లాగే కరెంటు మామూలు దానికి కొన్ని రెట్లు ఉంటుంది. చిన్న టాగుల్ స్విచ్‌లో కాంటాక్టులు నల్లబడేది, ప్లాస్టిక్ కరిగేది అప్పుడే.

రిలే పెడితే ఈ బాధ ఉండదు. మామూలు రిలే కాయిల్ నిరోధం 85 ఓమ్‌లు అనుకుంటే 12 వోల్టుల దగ్గర అది తీసుకునేది 0.14 ఆంపియరు. డాష్‌బోర్డు దాకా వచ్చేది ఈ పిసరంత కరెంటే. 12 ఆంపియర్లు మాత్రం బోనెట్ కిందే, బ్యాటరీ నుంచి ఫ్యూజు, రిలే మీదుగా ఫ్యాన్‌కు, లావు తీగలో, దగ్గరి దారిలో పోతాయి.

ఫ్యూజు ఎక్కడ ఉందన్నది కూడా చూడాలి. ఫ్యూజు కాపాడేది తీగను, ఫ్యాన్‌ను కాదు. బ్యాటరీ టెర్మినల్‌కు దగ్గరగా ఉంటేనే ఆ తర్వాతి తీగ మొత్తం దాని రక్షణలో ఉంటుంది. ఫ్యాన్ దగ్గర పెడితే, మధ్యలో ఎక్కడో బాడీకి రాసుకుని తొక్క ఊడిన తీగకు అడ్డు లేదు. మెలిపెట్టి టేపు చుట్టిన అతుకులు కూడా ఇలాంటివే. ఇంజిన్ వేడికి టేపు జిగురు కరిగి జారిపోతుంది.

తాళం తీసేసినా పనిచేసేలా స్విచ్‌కు నేరుగా బ్యాటరీ సప్లై ఇవ్వాలా, కీతో ముడిపెట్టాలా అన్నదాని మీద అభిప్రాయాలు రెండున్నాయి. ఇంజిన్ ఆపాక వాటర్ పంపు ఆగిపోతుంది, లోహంలోని వేడి కూలెంట్‌లోకి దిగి ఉష్ణోగ్రత కాసేపు పెరుగుతుంది. అప్పుడు ఫ్యాన్ తిరిగితే మేలేనన్నది ఒక వాదన. కొన్ని కార్లలో కంపెనీ ఫ్యానే ఇంజిన్ ఆపాక కాసేపు తిరుగుతుంది. అయితే స్విచ్‌ను మరిచిపోతే? 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీని 12 ఆంపియర్లు గంటన్నరలో సగం ఖాళీ చేస్తాయి. పాత బ్యాటరీకి ఆ తర్వాత స్టార్టర్ తిప్పే ఓపిక ఉండదు. కూలెంట్ తిరగనప్పుడు రేడియేటర్‌కు గాలి కొట్టడం వల్ల ఇంజిన్ లోపలికి చేరే లాభం కూడా తక్కువే. ఈ తూకంలో కీతో ముడిపెట్టడమే నయమనిపిస్తుంది.

ఈసీఎం ఉన్న కార్లలో ముడి ఎక్కడ

థర్మో స్విచ్ ఉన్న కారులో రెండు తీగలు కలిపితే సరిపోయేది. ఈసీఎం ఉన్న కారులో ఆ తీగల మీద ఒక కన్ను ఉంటుంది.

రిలే కాయిల్‌కు ఒక వైపు 12 వోల్టులు ఎప్పుడూ ఉంటాయి, రెండో వైపును ఈసీఎం ఎర్త్‌కు కలిపినప్పుడు ఫ్యాన్ తిరుగుతుంది. ఫ్యాన్ అవసరం లేనప్పుడు ఆ తీగ మీద 12 వోల్టులు కనబడాలని చాలా ఈసీఎంలు ఎదురుచూస్తాయి. మీరు స్విచ్‌తో ఆ తీగను ఎర్త్ చేస్తే అక్కడ సున్నా కనబడుతుంది. తీగ ఎక్కడో బాడీకి తగిలిందని ఈసీఎం అనుకుంటుంది. పి0480 గానీ, పి0691 గానీ ఫ్యాన్ సర్క్యూట్ లోపాన్ని చెప్పే కోడ్ నమోదవుతుంది, కొన్ని కార్లలో చెక్ ఇంజిన్ దీపం వెలుగుతుంది. నిజానికి చెడిందేమీ లేదు. కానీ రేపు నిజంగా ఏదైనా చెడినప్పుడు వెలిగే దీపాన్ని మీరు అప్పటికే పట్టించుకోవడం మానేసి ఉంటారు. ఇదే అసలు నష్టం.

దీనికి అనుభవమున్న ఎలక్ట్రీషియన్లు చేసేది రెండో రిలే. కంపెనీ రిలేను, ఈసీఎం తీగను తాకరు. విడిగా ఒక రిలే పెట్టి, దాని 87ను ఫ్యాన్ మోటారుకు పోయే లావు తీగతో కలుపుతారు. కాయిళ్లు వేరు కాబట్టి ఈసీఎంకు ఏ తేడా కనబడదు. కొత్త కాయిల్‌కు అడ్డంగా, కరెంటును ఒక వైపే పోనిచ్చే డయోడ్ ఒకటి పెడితే, కాయిల్ ఆగినప్పుడు పుట్టే వోల్టేజీ పోటు పక్క సర్క్యూట్లకు పాకదు.

అన్ని కార్లకూ ఇది సరిపోతుందా అంటే, లేదు. రెండు ఫ్యాన్లున్న కొన్ని కార్లలో తక్కువ వేగానికి ఆ రెంటినీ వరుసలో, ఎక్కువ వేగానికి సమాంతరంగా కలుపుతారు. ఇందుకు మూడు రిలేలు వాడతారు. వరుసలో ఉన్నప్పుడు మొదటి ఫ్యాన్ ఎర్త్ కొస, రెండో ఫ్యాన్ సప్లై కొస ఒకే చోట కలుస్తాయి. ఆ సంగతి తెలియక అక్కడ 12 వోల్టులు ఇస్తే, మొదటి ఫ్యాన్‌కు రెండు కొసల్లోనూ ఒకే వోల్టేజీ ఉండి అది ఆగిపోతుంది. చల్లదనం కోసం వేసిన స్విచ్ సగం గాలిని ఆపేసిందన్నమాట. వైరింగ్ పటం చూడకుండా ఇలాంటి కార్లలో చెయ్యి పెట్టకూడదని చెప్పేది ఇందుకే.

ఇక రిలే కూడా లేని కార్లు. వాటిలో ఫ్యాన్ చట్రానికే ఒక కంట్రోల్ మాడ్యూల్ ఉంటుంది. రెండు లావు తీగల్లో ఎప్పుడూ కరెంటు ఉంటుంది, మూడో సన్నని తీగలో ఈసీఎం పంపే పల్సుల్ని, అంటే వేగంగా కలిసి తెగే సంకేతాల్ని, బట్టి వేగం పదో వంతు నుంచి పూర్తి వేగం దాకా ఎంతైనా ఉండవచ్చు. ఇక్కడ విడి స్విచ్ కలపడానికి చోటే లేదు. ఆ సన్నని తీగకు 12 వోల్టులు ఇచ్చి చూస్తే ఈసీఎం పోయే ప్రమాదం ఉంది.

ఇలాంటి కార్ల తరఫున వాదించేవారి మాటలోనూ బలం ఉంది. సెన్సర్ తీగ తెగినట్టు తెలిస్తే చాలా ఈసీఎంలు ఫ్యాన్‌ను ఆపకుండా తిప్పుతాయి. అంటే స్విచ్ పెట్టేది ఏ ముప్పు కోసమో ఆ ముప్పుకు కంపెనీ ముందే ఒక దారి ఉంచింది. థర్మో స్విచ్‌కు ఈ తెలివి లేదు, చెడిపోతే నిశ్శబ్దంగా చెడిపోతుంది. విడి స్విచ్‌కు అసలైన చోటు ఆ పాత కార్లలోనే.

ముందే ఫ్యాన్ వేస్తే ఘాట్ రోడ్డు సులువవుతుందా

శ్రీశైలం ఘాట్‌కో తిరుమలకో బయల్దేరేటప్పుడు ముందుగా ఫ్యాన్ వేసి ఇంజిన్‌ను చల్లబరచుకోవచ్చన్నది స్విచ్ పెట్టించుకునేవారు తరచూ చెప్పే కారణం. ఇది ఎంతవరకు నిజమో లెక్క వేయవచ్చు.

మనుషులతో కలిపి 1,200 కిలోల కారు, వంద మీటర్లకు ఆరు మీటర్లు ఎక్కే రోడ్డు, గంటకు 30 కిలోమీటర్ల వేగం. ఎత్తు ఎక్కడానికే సుమారు 6 కిలోవాట్లు కావాలి. టైర్ల రాపిడి, గేర్లు, ఏసీ కలిపితే ఇంజిన్ 10 కిలోవాట్లకు పైగా ఇవ్వాలి. ఆ స్థితిలో ఇంధనంలో నాలుగో వంతే పనిగా మారుతుందనుకుంటే కాలేది 40 కిలోవాట్లు, కూలెంట్‌లోకి దిగేది సుమారు 13. సిగ్నల్ దగ్గర నిలబడినప్పటి వేడికి ఇది నాలుగు రెట్లకు పైనే, ఎదురుగాలి మాత్రం హైవే మీది దానిలో సగం కూడా లేదు.

ముందే చల్లబరిస్తే ఏం మిగులుతుంది? థర్మోస్టాట్ వాల్వ్ ఉన్నంతకాలం ఇంజిన్‌ను అది తెరుచుకునే వేడి కంటే బాగా కిందికి దించడం కుదరదు. చల్లారితే వాల్వ్ మూసుకుంటుంది. ఫ్యాన్ ఎంత తిరిగినా వేడి కూలెంట్ రేడియేటర్‌లోకి రాదు. కాబట్టి 98 దగ్గర మొదలు కావాల్సిన ఆరోహణ 88 దగ్గర మొదలవుతుంది, పది డిగ్రీల మిగులు. కూలెంట్, ఇంజిన్ లోహం కలిపి ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 50 కిలోజౌళ్లు కావాలనుకుంటే, పది డిగ్రీలకు 500. రేడియేటర్ వదలగలిగే దానికంటే 3 కిలోవాట్లు ఎక్కువ పుడుతున్నాయనుకుంటే ఈ మిగులు మూడు నిమిషాల్లోపే ఖర్చయిపోతుంది. ఆ తర్వాత కథ అంతా రేడియేటర్ సామర్థ్యం మీదే. ఘాట్‌లో నిజంగా పనికొచ్చేవి ఏసీ ఆపడం, హీటర్‌ను పూర్తి వేగంతో వేయడం. హీటర్ లోపల ఉన్నది చిన్న రేడియేటరే. లోపల కూర్చున్నవారికి నరకమే, కాదనను.

థర్మోస్టాట్ వాల్వ్ తీసేసిన కార్లలో సంగతి వేరు. వేడెక్కుతోందని వాల్వ్ తీసి పారేయడం మన షెడ్లలో పాత అలవాటు. దానికి డైరెక్ట్ ఫ్యాన్ కూడా తోడైతే డిసెంబరు రాత్రి హైవే మీద ఇంజిన్ పూర్తి వేడికి చేరనే చేరదు. ఇంజిన్ ఇంకా చల్లగా ఉందని ఈసీఎం పెట్రోలు ఎక్కువ పోస్తుంది. మైలేజీ పడిపోయిందని యజమాని ప్లగ్గులు మార్పిస్తాడు, ఇంజెక్టర్లు కడిగిస్తాడు.

స్విచ్ కప్పిపుచ్చే జబ్బులు

ఫ్యాన్ తిరగక వేడెక్కడం ఒక జబ్బు. ఫ్యాన్ తిరుగుతున్నా వేడెక్కడం మరో జబ్బు. రేడియేటర్‌కూ కండెన్సర్‌కూ మధ్య పేరుకున్న మట్టి, అరిగిన వాటర్ పంపు, మూసుకుపోయిన థర్మోస్టాట్, ఒత్తిడి పట్టని రేడియేటర్ మూత, వీటిలో దేనికీ స్విచ్ మందు కాదు. ఈ మూతను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. 0.9 బార్ ఒత్తిడి పట్టే మూత కింద మామూలు నీళ్లే 118 డిగ్రీల దాకా మరగవు. సగం సగం కలిపిన కూలెంట్ అయితే ఇంకా పైకి. మూత వదులైతే అదే నీరు 100 దగ్గరే మరిగి పొంగుతుంది.

మొదటి జబ్బులో కూడా ఒక మోసం ఉంది. కూలెంట్ తగ్గి లోపల గాలి చేరితే థర్మో స్విచ్ ఆ గాలి గుమ్మటంలో ఉండిపోవచ్చు. వేడి నీరు దాన్ని తాకదు కాబట్టి కలవదు. ఫ్యాన్ తిరగడం లేదని విడి స్విచ్ పెడతారు, ఫ్యాన్ తిరుగుతుంది, అందరికీ తృప్తి. కూలెంట్ మాత్రం ఇంకా కారుతూనే ఉంటుంది.

ఏసీ వేసినప్పుడు ఫ్యాన్ తిరుగుతోందా అని చూస్తే చాలా కార్లలో లోపం ఎటు వైపుందో తెలుస్తుంది. తిరిగితే మోటారు, ఫ్యూజు బాగున్నట్టు, వేడిని చెప్పే భాగమే మూగపోయినట్టు. అప్పుడు థర్మో స్విచ్‌నో సెన్సర్‌నో మార్చడం విడి స్విచ్ పెట్టినంత పనే. కొన్ని కార్లలో అంతకంటే చిన్న పని.

ఎప్పుడూ తిరిగే ఫ్యాన్ ఎంత తింటుంది

12 ఆంపియర్లు, 13.5 వోల్టులు అంటే సుమారు 160 వాట్లు. ఇంజిన్ తిప్పే జనరేటర్ అయిన ఆల్టర్నేటర్ తనకు అందిన శక్తిలో సగం కంటే కొంచెం ఎక్కువే కరెంటుగా మారుస్తుంది కాబట్టి ఇంజిన్ మీద పడేది దాదాపు 290 వాట్లు. పెట్రోలులోకి మార్చితే గంటకు 100 నుంచి 130 మిల్లీలీటర్లు. హైవే మీద గంటకు 5 లీటర్లు తాగే కారుకు ఇది సుమారు రెండు నుంచి రెండున్నర శాతం. భయపడేంత కాదు, ఉచితమూ కాదు. మోటారు బ్రష్షులు మాత్రం అవసరం ఉన్నా లేకున్నా అరుగుతూనే ఉంటాయి. డైరెక్ట్ చేసిన ఫ్యాన్ మోటారు త్వరగా పోవడానికి కారణం అదే.

నీళ్లలో దిగినప్పుడు ఆపుకోవడం

ఆపే స్విచ్‌కు న్యాయమైన వాదన ఒకే ఒక్కటి ఉంది: నీరు. తిరుగుతున్న ఫ్యాన్ నీళ్లలో మునిగితే రెక్కలు వంగవచ్చు, ఫ్యూజు పోవచ్చు, ఇంజిన్ మీదికి నీరు చిమ్ముతుంది. వాగులు దాటే ఆఫ్ రోడ్ వాహనాల్లో కొందరు ఫ్యాన్ ఆపే స్విచ్ పెట్టుకునేది అందుకే. 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో విజయవాడ చూసినవారికి ఈ వాదన నచ్చుతుంది. అయితే ఫ్యాన్‌ను తాకేంత నీటిలో మామూలు కారుకు ఫ్యాన్ కంటే పెద్ద భయం గాలి పీల్చే గొట్టం. నీరు సిలిండర్లోకి పోతే పిస్టన్‌ను మోసే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ఆపే స్విచ్ కావాలనే అనుకుంటే, వేలు నొక్కి ఉంచినంత సేపే పనిచేసే రకం పెట్టుకోవచ్చు. దాన్ని మరిచిపోవడం సాధ్యం కాదు.

వారంటీ, చట్టం

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ రిజిస్ట్రేషన్ వివరాలకు విరుద్ధంగా చేసే మార్పుల్ని అడ్డుకుంటుంది. ఆర్సీ మీద ఫ్యాన్ స్విచ్ ప్రస్తావన ఉండదు. ఇబ్బంది వచ్చేది వారంటీతో. కోసిన వైరింగ్ కనబడితే విద్యుత్ భాగాల మీద హామీని కంపెనీ తిరస్కరించవచ్చు. బోనెట్ కింద మంటలు వచ్చిన కారులో బీమా సర్వేయర్ ముందుగా వెతికేది కూడా బయటి నుంచి వచ్చిన తీగలనే.

కొన్న పాత కారులో ముందే స్విచ్ ఉంటే

సెకండ్ హ్యాండ్ కారు కొన్నవారికి స్టీరింగ్ కింద పేరు లేని స్విచ్ ఒకటి దొరుకుతుంది. అది ఏ రకమో కనుక్కోవడానికి తీగలు విప్పనక్కరలేదు. స్విచ్‌ను ఒక వైపు ఉంచి, కారు నిలబెట్టి, ఏసీ లేకుండా ఇంజిన్ నడవనిచ్చి ముల్లును గమనిస్తే చాలు. ముల్లు లేని కార్లలో, కారు కంప్యూటర్‌ను చదివే సాకెట్‌కు తగిలించే ఓబీడీ పరికరం ఫోనులో అంకె చూపిస్తుంది. 95, 100 ప్రాంతంలో ఫ్యాన్ తానే మొదలై కాసేపటికి తానే ఆగితే ఆటో బతికే ఉంది. ఇంజిన్ చల్లారాక రెండో వైపు ఉంచి మళ్లీ చూడాలి. ఆ వైపున కీ తిప్పగానే ఫ్యాన్ మొదలైతే అది సమాంతర స్విచ్. రెండో వైపున 105 దాటినా ఫ్యాన్ కదలకపోతే అది వరుస స్విచ్. వెంటనే దాన్ని పని చేసే వైపుకు తిప్పి, అది జరగకుండా టేపు వేసి, ఆ తీగను కలిపించడానికి ఎలక్ట్రీషియన్ దగ్గరికి బయల్దేరవచ్చు. రెండు వైపులా ఏమీ తేడా లేకపోతే అది బహుశా పాత ఫాగ్ లైట్ల స్విచ్.